పాపికొండల్లో మైకు కట్టేయించండి

ఆంధ్రప్రదేశ్ ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి గారికి,



మొగల్తూరులో కొండ కాదు కదా, చెప్పుకోదగ్గ మిట్ట కూడా లేదు. చేలు, చేపల చెరువులు, కొబ్బరి తోటలు, అవి దాటితే పేరుపాలెం సముద్రం. అందుకే కార్తీకం వచ్చిందంటే ఇక్కడివాళ్లు బస్సు మాట్లాడుకుని పాపికొండలకు బయల్దేరతారు. లాంచీ కదలగానే పైన మైకు మొదలు. సినిమా పాటలు, డాన్సులు, మధ్యలో భోజనాలు. పొద్దస్తమానం అడవి పక్కనే గడిపి, ఒక్క జంతువూ కనిపించలేదని ఇంటికొచ్చి చెబుతారు.

ఆ మోతకు ఏ జంతువు మాత్రం ఒడ్డుకొస్తుంది?

1978లో అభయారణ్యమై, 2008లో జాతీయ పార్కు అయిన అడవి అది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం. పులి, చిరుత, అడవిదున్న, రేచుకుక్క తిరిగే చోటు. 2016లో బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ దీన్ని ముఖ్యమైన పక్షి ప్రాంతంగా గుర్తించింది.

మారేడుమిల్లి వైపు వెళ్లే పక్షి ప్రేమికుల కళ్లు మలబార్ పైడ్ హార్న్‌బిల్ కోసం వెతుకుతాయి. గుడ్లు పెట్టే వేళకు ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, రెట్టతో ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. వారాల తరబడి మగపక్షి మర్రిపళ్లు, రావిపళ్లు తెచ్చి ఆ సందులోంచే అందిస్తుంది. అది బెదిరి ఎగిరిపోతే లోపలున్న తల్లీపిల్లలకు పస్తే.

అలాంటి తొర్రలు ఎక్కడున్నాయో అక్కడి గిరిజనులైన కొండరెడ్లను అడగాలి. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులతో మీ శాఖ పర్యాటకం నడిపిస్తూనే ఉంది. ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళజోడిలో ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే ఇప్పుడు గెడ వేసి పడవ నడుపుతూ, వచ్చినవాళ్లకు పక్షుల్ని చూపించి బతుకుతున్నారు. పాపికొండల్లో ఆ పని పోలవరం ప్రాజెక్టు ముంపుతో ఊళ్లు వదిలిన కుటుంబాలకు ముందుగా దక్కాలి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగాక భద్రత నిబంధనలు బిగించారు. లైఫ్ జాకెట్ తప్పనిసరి చేయగలిగినప్పుడు, పార్కు పొడవునా మైకు కట్టేయించడం కష్టమేమీ కాదు. దాంతోపాటు తెల్లవారుజామున, పదిమందికి మించకుండా, స్థానిక గైడుతో ఒక నడకదారి తెరవండి. టికెట్టుతో పాటు అక్కడి జంతువులు, పక్షుల బొమ్మలున్న చిన్న తెలుగు పుస్తకం ఇవ్వండి.

వచ్చే కార్తీకానికి ఒక్క దారి సిద్ధమైనా చాలు. మొగల్తూరు బస్సులో దానికి టికెట్టు కొనేవాళ్లు ఉన్నారు.

ఇట్లు,
మొగల్తూరు నుంచి ఒక పక్షి ప్రేమికుడు