రైతు బండికీ ఆ బ్రేకు కావాలి

సార్వా ఊడ్పులు మొదలయ్యాయి. దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రాలు విప్పకుండానే పొలంలోంచి తారు రోడ్డెక్కుతున్నాయి. కె.గంగవరం నుంచి కోటిపల్లి రేవు వైపు వెళ్ళినా, ద్రాక్షారామం వైపు వెళ్ళినా దారి పొడవునా ఆ చక్రాలు రాల్చిన బురదే. దానిమీద ఒక్క జల్లు పడితే చాలు. వెనక రెండు యూరియా బస్తాలు కట్టుకుని వచ్చే మోటారుసైకిలు బ్రేకు వేయగానే ఎటు జారుతుందో నడిపేవాడికే తెలియదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2025 జూన్‌లో ఒక ముసాయిదా ప్రకటించింది. 50 సీసీ దాటిన ఇంజను గానీ, గంటకు 50 కిలోమీటర్లు దాటే వేగం గానీ ఉన్న కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ 2026 జనవరి 1 నుంచి యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టం, అదే ఎ.బి.ఎస్., తప్పనిసరి చేయాలన్నది దాని సారాంశం. బండితోపాటు రెండు ఐ.ఎస్.ఐ. హెల్మెట్లు కూడా ఇవ్వాలని అందులో చెప్పింది.

బండి బ్రేకుల సంగతి రైతు సంఘం పత్రికలో ఎందుకని అడిగే మిత్రులుంటారు. ఎడ్ల బండి పోయాక మన ఇంటి పశువు మోటారుసైకిలే కదా. పాల క్యాన్లు, గడ్డి మోపు, పురుగుమందు స్ప్రేయరు, కొబ్బరికాయల బస్తా, బడికెళ్ళే పిల్లలు, ఆసుపత్రికి వెళ్ళే ముసలమ్మ, అన్నిటినీ మోసేది అదే. రోడ్డు మీద పోతున్న ప్రాణాల్లో ఎక్కువ భాగం దాని మీద వెళ్ళేవారివే. కేంద్రం ప్రకటించిన లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో 74,897 మంది, అంటే నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. మొత్తం మరణాల్లో సుమారు 68 శాతం గ్రామీణ ప్రాంతాల్లోనే జరిగాయి. ఇవి ఎవరి ఇళ్ళో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతకీ ఈ ఎ.బి.ఎస్. ఏం చేస్తుంది? కంగారులో బ్రేకు గట్టిగా నొక్కేస్తే చక్రం తిరగడం మానేసి బిగుసుకుపోతుంది. బిగుసుకున్న చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు. ముందు చక్రం బిగుసుకుంటే హాండిలు మాట వినదు, రెప్పపాటులో మనిషి కింద ఉంటాడు. ఎ.బి.ఎస్. ఉన్న బండిలో చక్రం పక్కన పళ్ళున్న ఒక రింగు, దాని వేగాన్ని కనిపెట్టే సెన్సరు ఉంటాయి. చక్రం బిగుసుకోబోతున్నట్టు తెలియగానే అది బ్రేకు ఒత్తిడిని క్షణంపాటు వదులు చేసి మళ్ళీ పట్టిస్తుంది. సెకనులో అనేకసార్లు ఇలా జరుగుతుంది. చేతికి బ్రేకు లీవరు టకటకా కొట్టుకున్నట్టు తెలుస్తుంది. అది లోపం కాదు, దాని పని అది చేస్తోందన్నమాట. అప్పుడు భయపడి లీవరు వదలకూడదు.

మన పల్లెల్లో చాలామంది ముందు బ్రేకు ముట్టుకోరు. “ముందుది వేస్తే బోర్లా పడతాం” అని పెద్దలు చెప్పిన మాట. ఈ సంపాదకీయం రాస్తున్నవాడూ ఇరవయ్యేళ్ళు అలాగే వెనక బ్రేకు మీదే బండి నడిపాడు. కానీ బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. దాన్ని వాడకపోతే గేదె అడ్డొచ్చినా, గట్టు మీంచి పిల్లాడు దూకినా సమయానికి ఆగలేం. పెద్దల భయంలో నిజం లేకపోలేదు, తడి రోడ్డు మీద అది నిజంగానే పడేస్తుంది. ఆ భయం తీర్చడానికే ఈ ఏర్పాటు.

ఇది కొత్త వింతేమీ కాదు. జర్మనీ కంపెనీ బి.ఎం.డబ్ల్యూ. 1988లోనే మోటారుసైకిలుకు దీన్ని పెట్టింది. మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బళ్ళలో 125 సీసీ దాటినవాటికి ఇది తప్పనిసరి. 125 లోపు బళ్ళకు మాత్రం సి.బి.ఎస్. ఉన్నా చాలన్నారు. అంటే ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ కొంత కొంత పడే ఏర్పాటు. అది మంచిదే కానీ చక్రం బిగుసుకోకుండా ఆపలేదు. దేశంలో అమ్ముడయ్యే బళ్ళలో అధిక భాగం ఆ చిన్న బళ్ళే. కూలీ, కౌలురైతు, పాలవాడు కొనేవి అవే. ఎక్కువ ధర పెట్టగలవాడి ప్రాణానికి ఒక బ్రేకు, పేదవాడి ప్రాణానికి మరో బ్రేకు అన్న తేడా 2019లో చట్టంలోనే వచ్చింది. దాన్ని తీసేస్తామంటే మన సంఘం స్వాగతిస్తుంది.

ఖర్చు మాటేమిటి? ఎ.బి.ఎస్.కు నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకు కావాలి. డ్రమ్ము బ్రేకులున్న చిన్న బళ్ళకు ముందు చక్రం అమరికే మార్చాలి. ధర పెరుగుతుంది, అందులో సందేహం లేదు. ఆ సాకుతో కంపెనీలు గడువు పొడిగించమని అడగడం, ప్రభుత్వం తలూపడం మనం చూడని సంగతులు కావు. ధర తగ్గించాలంటే కోత పెట్టాల్సింది బ్రేకులో కాదు, పన్నులో. 2025 సెప్టెంబరు దాకా ట్రాక్టరు మీద 12 శాతం జి.ఎస్.టి. వేసిన ప్రభుత్వం, అదే రైతు పొలానికి వెళ్ళే వంద సీసీ బండి మీద 28 శాతం గుంజింది. అదేమన్నా విలాస వస్తువా? ప్రాణం కాపాడే హెల్మెట్ మీద కూడా 18 శాతం! నియమం సడలించవద్దనీ, చిన్న బళ్ళ మీదా హెల్మెట్ల మీదా పన్ను తగ్గించాలనీ సంఘం గ్రామ కమిటీలు వెంటనే రాసి పంపాలి.

అయితే సభ్యులకు ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎ.బి.ఎస్. మంత్రదండం కాదు. ఇసుక మీద, కంకర మీద, బురద మీద బండి ఆగడానికి పట్టే దూరాన్ని అది తగ్గించకపోవచ్చు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. బండిని నిలువుగా ఉంచడమే దాని ప్రధాన సాయం. మలుపులో ఒరిగి వెళుతూ బ్రేకు కొడితే మామూలు ఎ.బి.ఎస్. పెద్దగా ఆదుకోదు. అరిగిన టైరుకు అది ప్రాణం పోయలేదు.

ఇక్కడే మన వంతు తప్పు కూడా ఒప్పుకోవాలి. దాళ్వా కోతల్లో సగం రోడ్డు మీద ధాన్యం పరిచి, చుట్టూ రాళ్ళు పేర్చి, రాత్రికి వాటిని అక్కడే వదిలేసేది మనమే. గింజల మీద ఎక్కిన చక్రం గోళీల మీద నడిచినట్టే. చీకట్లో ఆ రాయి కనపడక పడిపోయిన వాళ్ళు మన ఊళ్ళవాళ్ళే. రైతు సరదాకి రోడ్డెక్కడం లేదు. తేమ 17 శాతం దాటితే కొనమంటారు. మిషను కోతతో పచ్చి గింజ ఒక్క రోజులో వచ్చి పడుతుంది. ఆరబెట్టే కళ్ళం ఎక్కడుంది? ఊరి ఉమ్మడి జాగాలు ఎటు పోయాయో అందరికీ తెలుసు. ప్రతి రైతు సేవా కేంద్రం పరిధిలో సిమెంటు కళ్ళం కట్టాలి, అద్దె లేకుండా బరకాలు ఇవ్వాలి, కోతల రోజుల్లో ఆరబెట్టే యంత్రాలు అందుబాటులో పెట్టాలి. ఇవి అడుగుతూనే, రోడ్డు మీద రాళ్ళు పెట్టడం మనంతట మనమే మానుకోవాలి. దమ్ము ట్రాక్టరు రోడ్డెక్కే ముందు ఇనుప చక్రాలు విప్పాలి. విప్పకపోతే రాల్చిన మట్టినైనా పార పెట్టి తీయించాలి. ఇందుకు జీవో అక్కర్లేదు, ట్రాక్టరు యజమానులు అనుకుంటే రేపే చేయగల పని.

కొత్త బండి కొనేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. తాళం తిప్పగానే ఎ.బి.ఎస్. దీపం వెలగాలి, బండి కదిలి కాస్త వేగం అందుకోగానే ఆరిపోవాలి. ఆరకపోతే ఆ ఏర్పాటు పనిచేయడం లేదన్నమాట, మామూలు బ్రేకే మిగిలింది. “దాంతో పనేముంది” అంటూ ఫ్యూజు పీకి చేతిలో పెట్టే మెకానిక్కులున్నారు, ఒప్పుకోకండి. పొలం నుంచి రాగానే ముందు చక్రం దగ్గరి రింగుకూ సెన్సరుకూ పట్టిన బురద కడగండి. బ్రేకు నూనె రెండేళ్ళకోసారి మార్పించండి.

ఇప్పటికే ఇంట్లో ఉన్న పాత బళ్ళకు దీన్ని తగిలించే వీలు దాదాపు లేదు. అవి ఇంకో పదేళ్ళు, పదిహేనేళ్ళు ఈ రోడ్ల మీదే తిరుగుతాయి. వాటి టైర్లు ఈ వారంలోనే చూసుకోండి. తడి రోడ్డు మీద బస్తా ఒకటి తగ్గించి, రెండుసార్లు తిరగండి. ముందు బ్రేకును ఖాళీ రోడ్డు మీద, నెమ్మదిగా, రెండు వేళ్ళతో అలవాటు చేసుకోండి.