బార్ వెనక గది బాడుగతో మన ఉగాది వద్దు



మన వీధి చివర టాస్మాక్ బార్ వెనక గదిలో ఏం జరుగుతోందో పిల్లలకు కూడా తెలుసు. పగలంతా మూడు నంబర్ల లాటరీ, కాట్టన్. ఐపీఎల్ వస్తే రాత్రి క్రికెట్ పందేలు. ఆ గది మనవాళ్ళదే. దాని బాడుగ తీసుకునే పెద్దమనిషి ఈ ఉగాదికి అన్నదానం ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నారు. వచ్చే డబ్బు ఎందుకు కాదనాలి అని కొందరు సభ్యులు అడుగుతున్నారు. కాదనాలనే మేము అంటున్నాము.

ఆ డబ్బు ఎవరిదో చూడండి. మన కొట్లలో మూటలు మోసేవాళ్ళది, బండి లాగేవాళ్ళది. కూలి చేతికి రాగానే ముందు బార్, తర్వాత వెనక గది. ఇంటికి చేరేది మిగిలింది, మిగిలితే.

అదృష్టం అంటారు. లెక్క వేద్దాం. ఒక అంకె తగిలితే తొమ్మిదింతలు ఇస్తాడనుకోండి. పది అంకెలమీదా పదేసి రూపాయలు కడితే 100 పోతుంది, 90 వస్తుంది. రోజూ ఆడేవాడు బాగుపడే దారి ఇందులో ఎక్కడుంది?

కాట్టన్ అన్న పేరు న్యూయార్క్ పత్తి ధరలనుంచి వచ్చింది. ఆ ధరలు బొంబాయికి తంతిలో వచ్చేవి, వాటిమీద పందెం కాసేవాళ్ళు. 1960లలో అది ఆగి, కుండలోంచి చీటీ తీసే మట్కా వచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోన్ వచ్చింది.

తమిళనాడు ప్రభుత్వం 2003 జనవరిలో లాటరీని నిషేధించింది. అదే ఏడాది నవంబరులో మద్యం చిల్లర అమ్మకం టాస్మాక్ చేతికి ఇచ్చింది. మూతపడిన వ్యాపారం తెరిచిన కొట్టు వెనకే వచ్చి కూర్చుంది. కేరళ లాటరీ చివరి మూడు అంకెలు చూసి ఇక్కడ చీటీలు రాస్తున్నారు.

మేము తమిళంలో చదువుకున్నవాళ్ళం. తిరుక్కురళ్‌లో 93వ అధ్యాయం కల్లు మానడం గురించి, 94వది జూదం గురించి. వళ్ళువర్ రెంటినీ ఊరికే పక్కపక్కన పెట్టలేదు. మన భారతంలో ధర్మరాజు తన రాజ్యాన్ని ఒడ్డి ఓడిపోయాడు. ఈ గది ఇచ్చినవారు ఒక్క రూపాయి ఒడ్డరు, ఒక్క రోజూ ఓడరు.

"నేను ఆడించలేదే, గది మాత్రమే ఇచ్చాను" అంటారు. 1888 నాటి నగర పోలీసు చట్టం ఆ మాట ఒప్పుకోదు. జూదానికి తెలిసి చోటిచ్చినవాడూ నేరస్థుడే. "పోలీసులే ఊరుకున్నారు, మనకెందుకు" అంటారు ఇంకొందరు. వాళ్ళు ఊరుకుంటే అది వాళ్ళ తప్పు. మనం భోజనానికి కూర్చుంటే అది మన తప్పు.

1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు అన్నం మానిన పొట్టి శ్రీరాములు గారు పుట్టింది ఇక్కడే, అణ్ణాపిళ్ళై వీధిలో. ఆ పేటలో ఉగాది అన్నం ఈ డబ్బుతో వండాలా?

వచ్చే ఆదివారం మీటింగులో మేము రెండు విషయాలు పెడుతున్నాము. ఒకటి, ఆ విరాళం వద్దని తీర్మానం. అన్నదానానికి ఇంటికి 200 రూపాయలు వేసుకుందాం. చాలకపోతే పాయసం మానేద్దాం. రెండు, కమిషనర్ ఆఫీసుకు ఫిర్యాదు, సంఘం ముద్రతో. ఒక్కరు సంతకం పెడితే ఆ ఒక్కరి ఇంటిమీదికి వస్తారు. అందరం పెడితే ఎవరింటికని వస్తారు?

ఇక్కడ లైకులు వద్దు. ఆదివారం రండి, చెయ్యెత్తండి.