సంపాదకుని మాట: పూచీ పడే ఆదరణ

ఆత్మీయ ఆదరణ ఎలా ఉండాలో అపొస్తలుల కార్యముల్లోని బర్నబా చూపించాడు. యెరూషలేము శిష్యులు సౌలును, అంటే తర్వాతి పౌలును, చూసి భయపడినప్పుడు, ఆయనే దగ్గరుండి అపొస్తలుల వద్దకు తీసుకెళ్లాడు. తర్వాత తార్సు దాకా వెళ్లి వెతికి, అంతియొకయ సంఘానికి తెచ్చాడు. తన మంచిపేరునే పూచీగా పెట్టాడన్నమాట. ఇలా వెనకేసుకొస్తే తప్పు చేసినవారికి అలుసు కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పంఫూలియలో పని విడిచి వెళ్లిన మార్కు విషయంలో పౌలు అభ్యంతరమూ అదే. అయినా బర్నబా అతణ్ణి వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. తప్పును దాచడం వేరు, తప్పినవాడికి మళ్లీ పని అప్పగించడం వేరు. ఆ మార్కునే తీసుకురమ్మని, పరిచర్యకు పనికొస్తాడని, తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలే కోరాడు. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పినవారికి ఆదరణ దొరుకుతుంది. సంఘానికి రావడం మానేసినవారి గడప తొక్కేవారే తక్కువ. ఈ సంచిక వాళ్ల కోసం.