ఇరవై ఏళ్ళ వరుస

పిల్లలూ, మీలో పదవ తరగతి వాళ్ళకు లెక్కల పుస్తకంలో సంభావ్యత అనే పాఠం ఉంది కదా! ఎర్ర బంతులు, నల్ల బంతులు, పాచికలు, బొమ్మా బొరుసూ. "ఇవన్నీ నేర్చుకుని ఏం చేస్తాం మాస్టారూ?" అని అడిగే పిల్లవాడు ప్రతి సంవత్సరమూ ఒకడు ఉంటాడు. అలా అడిగినవాళ్ళలో ఒకడు పెరిగి పెద్దవాడై, ఇప్పుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న అతడే నాకొక లెక్క పంపించాడు. అది బంతుల లెక్క కాదు, జింకల లెక్క.

అతని ఆఫీసులో పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దమనిషికి 58 ఏళ్ళు. కొలరాడో రాష్ట్రపు కొండల్లో ఒకానొక చోట ఎల్క్‌ను వేటాడాలని ఆయన కోరిక. పద్నాలుగేళ్ళుగా ఏటా దరఖాస్తు పెడుతున్నాడు. అనుమతి రాలేదు. ఎల్క్‌లు తిరిగే ఆ కొండలు తొమ్మిది పది వేల అడుగుల ఎత్తున ఉంటాయి. "ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో లెక్క కట్టి చెప్పండి మాస్టారూ, ఆయన మోకాళ్ళు అంతదాకా ఆగేలా లేవు" అని మా వాడు రాశాడు.

వేట అనగానే మీలో కొందరు ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. నాకూ వేట ఇష్టం లేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ కలిసి సరదా వేటకు తలుపు మూసేశాయి. అది మంచిదేనని నా అభిప్రాయం. కాని అమెరికా వాళ్ళు మరో దారి పట్టారు. ఆ దారి సంగతి తెలియకుండా వాళ్ళ లెక్క అర్థం కాదు.

ఎల్క్ మన నల్లమలలో తిరిగే కణుజుకు చుట్టమే. బాగా ఎదిగిన మగది మూడు వందల కిలోలకు పైగా తూగుతుంది. కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. ఐరోపావాళ్ళు రాకముందు ఉత్తర అమెరికాలో ఇవి కోటి దాకా ఉండేవని అంచనా. తుపాకులు, పొలాలు, పశువుల మందలు వచ్చాక 1900 ప్రాంతానికి లక్ష కూడా మిగలలేదు. అరిజోనా రాష్ట్రంలోనైతే ఒక్కటీ మిగలలేదు. 1913లో ఎల్లోస్టోన్ ప్రాంతం నుంచి కొన్నిటిని రైలు పెట్టెల్లో ఎక్కించి తెచ్చి అక్కడి అడవుల్లో వదిలారు. ఈనాడు అరిజోనాలో ఉన్నవి వాటి సంతతే. మొత్తం ఖండంలో ఇప్పుడు సుమారు పది లక్షల ఎల్క్‌లున్నాయి. అన్నిటికంటే ఎక్కువ ఉన్నది కొలరాడోలో.

ఇంతగా పెరగడానికి కారణం, వేటను పూర్తిగా ఆపడం కాదు, కొలిచి ఇవ్వడం. చలికాలంలో మంచు మీద మందలు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు హెలికాప్టరులో తిరిగి లెక్కిస్తారు. నూరు ఆడ ఎల్క్‌లకు ఎన్ని దూడలున్నాయి, ఎన్ని మగవి ఉన్నాయి అని చూస్తారు. దూడలు తగ్గితే మంద తగ్గబోతున్నదని అర్థం. ఆ లెక్కను బట్టి ఈ కొండకు ఇన్ని, ఆ లోయకు ఇన్ని అని అనుమతి చీటీలు ఇస్తారు. వేటాడిన జంతువుకు ఆ చీటీని కట్టాలి. దానినే టాగు అంటారు. ఒక టాగుకు ఒకే జంతువు. పైగా 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్ను వన్యప్రాణుల పోషణకు పోతుంది.

ఆ దేశంలో వన్యమృగాల బాధ్యత ఆయా రాష్ట్రాలది. అందుచేత సొంత రాష్ట్రంవాడికి ఒక ధర, పొరుగు రాష్ట్రంవాడికి మరొక ధర. 1976లో మోంటానా రాష్ట్రంలో స్థానికుడు 9 డాలర్లకు ఎల్క్ లైసెన్సు పొందేవాడు. పైనుంచి వచ్చినవాడు 225 డాలర్ల లైసెన్సు కొనవలసి వచ్చేది. ఇది అన్యాయమని కొందరు కోర్టుకెక్కారు. 1978లో అమెరికా సుప్రీంకోర్టు, ఎల్క్ వేట బ్రతుకుతెరువు కాదు, వినోదం కనుక తేడా చూపవచ్చునని తీర్పు చెప్పింది. ధరలోనే కాదు, సంఖ్యలోనూ తేడా ఉంది. న్యూ మెక్సికోలో నూటికి 84 టాగులు స్థానికులకు, 10 వేటకు దారి చూపే గైడ్లతో ఒప్పందం చేసుకున్నవాళ్ళకు, ఇక మిగిలిన 6 మాత్రమే పైవాళ్ళకు. అరిజోనాలో పైవాళ్ళకు పదోవంతు మించి దక్కదు. మా వాడి మిత్రుడు టెక్సాస్ మనిషి. ఎక్కడికి పోయినా ఆయన పైవాడే.

ఇప్పుడు అసలు లెక్క. టాగులు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఎలా పంచాలి? కొలరాడో వాళ్ళది పాయింట్ల పద్ధతి. ఈ ఏడు టాగు రాకపోతే ఒక పాయింటు ఇస్తారు. వచ్చే ఏడు ఎక్కువ పాయింట్లున్నవాడికే ముందు. మొదట కోరిన చోటు దక్కిందా, పాయింట్లన్నీ సున్న. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ముందు వచ్చినవాడికి ముందు. మా తరగతిలో అడిగితే పిల్లలంతా ఇదే మంచిదన్నారు.

సరే, కాగితం తీయండి. ఒక కొండకు ఏటా 10 టాగులు అనుకుందాం. ఏటా కొత్తగా 30 మంది వరుసలో చేరతారు. ఎవరూ మధ్యలో మానుకోరు. మొదటి ఏడు 30 మందీ సమానం కనుక చీటీలు వేసి 10 మందికి ఇస్తారు. రెండవ ఏడు కొత్తగా 30 మంది వచ్చినా వాళ్ళకు ఏమీ లేదు. పాతవాళ్ళు 20 మందిలోనే 10 మందికి దక్కుతుంది. మూడవ ఏడు మిగిలిన ఆ 10 మందికి. అంటే మొదటి జట్టు తీరడానికి మూడేళ్ళు పట్టింది. రెండవ ఏట చేరిన జట్టు వంతు నాలుగవ ఏట మొదలై ఆరవ ఏట ముగుస్తుంది. మూడవ జట్టుకు ఏడు నుంచి తొమ్మిది. ఇలా వేసుకుంటూ పోండి. పదవ ఏట చేరిన జట్టుకు 28, 29, 30 ఏళ్ళలో వస్తుంది. అంటే 18 నుంచి 20 ఏళ్ళ నిరీక్షణ! ఇరవయ్యవ ఏట చేరినవాడు 38 నుంచి 40 ఏళ్ళు ఆగాలి. ఒక ఏడు ఆలస్యంగా చేరితే రెండేళ్ళు ఎక్కువ వేచి ఉండాలన్నమాట. పదిహేనేళ్ళ పిల్లవాడు ఈనాడు చేరితే ముసలివాడయ్యాక కొండ ఎక్కుతాడు.

నిజంగా ఇంత కచ్చితంగా జరగదు. కొందరు విసిగి మానేస్తారు, కొందరు పోతారు, కొందరు సులభమైన చోటుకు మారతారు. అయినా కొలరాడోలో కొన్ని పేరు పొందిన చోట్లకు ఇరవైకి పైగా పాయింట్లు కావాలి. సులువుగా దొరికే చోట్లు కూడా తగ్గుతున్నాయి. బాణాలతో వేటాడే పైవాళ్ళు ఆ రాష్ట్రపు పశ్చిమ భాగంలో చాలా చోట్ల వరుసతో పని లేకుండా ఎల్క్ లైసెన్సు కొనుక్కునేవారు. 2025 నుంచి ఆ వీలు పోయింది. వాళ్ళూ దరఖాస్తు పెట్టాల్సిందే.

వరుస ఇలా ఉంటే లాటరీ మేలా? న్యూ మెక్సికోలో, ఐడహోలో పాయింట్లే లేవు. నిరుడు రానివాడూ, ఈ ఏడు కొత్తగా వచ్చినవాడూ ఒకటే. ఇక్కడ మా తరగతి పిల్లలు ఒక పొరపాటు చేశారు. ఇరవై మందిలో ఒకరికి వచ్చే లాటరీ అయితే ఇరవై ఏళ్ళలో తప్పక వస్తుందన్నారు. రాదు. ఒక ఏడు రాకపోయే సంభావ్యత 0.95. ఇరవై ఏళ్ళూ రాకపోయే సంభావ్యత 0.95ను ఇరవై సార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 0.36. అంటే నూరు మందిలో 36 మంది ఇరవై ఏళ్ళు రుసుము కట్టి, ఒక్కసారి కూడా కొండ చూడకుండా మిగిలిపోతారు. వాళ్ళ పక్కింటివాడికి రెండుసార్లు రావచ్చు కూడా. లాటరీలో ఉన్న చేదు ఇది. దీనిని దాచి లాటరీని మెచ్చుకోవడం సరికాదు.

మధ్య దారులు కూడా ఉన్నాయి. వయోమింగ్‌లో పైవాళ్ళకిచ్చే ఎల్క్ టాగుల్లో నూటికి 75 పాయింట్లను బట్టి, 25 లాటరీలో ఇస్తారు. అరిజోనాలో ఎన్ని పాయింట్లుంటే అన్ని సంఖ్యలు అదనంగా తీసి, వాటిలో చిన్నదాన్ని మన సంఖ్యగా ఉంచుతారు. చిన్న సంఖ్యవాడు ముందు. నెవాడా, మోంటానాలలో పాయింట్లకు వర్గం చేస్తారు. 3 పాయింట్లవాడికి అదనంగా 9 వంతులు, 10 పాయింట్లవాడికి అదనంగా 100 వంతులు. వర్గం ఎంత వేగంగా పెరుగుతుందో చూశారా! పాతవాడికి బలం ఉంది, కాని కొత్తవాడికి తలుపు పూర్తిగా మూయలేదు.

నా మట్టుకు నాకు వయోమింగ్ పద్ధతి నచ్చింది. కొలరాడో పద్ధతిలో ఉన్న లోపం ఓర్పును గౌరవించడం కాదు. తీర్చలేని ఆశ పెట్టడం. పాయింటు ఇచ్చినంత మాత్రాన కొండమీద ఇంకో ఎల్క్ పుట్టదు. టాగులు పెరగనప్పుడు పాయింట్లు ఎన్ని పంచినా వరుస ముందుకు కదలదు. వరుసలో ముందున్నవాళ్ళు పుట్టుక చేత ముందున్నారు, అంతే. 1980లలో ఊహ తెలిసినవాడికి దక్కినది, నిన్న పుట్టినవాడికి ఎందుకు దక్కకూడదు? కనీసం నాలుగోవంతు టాగులు లాటరీకి వదలాలి. వరుసలో చాలా ఏళ్ళు నిలబడినవాళ్ళకు ఈ మాట కోపం తెప్పిస్తుంది. వాళ్ళ కోపంలోనూ న్యాయం ఉంది. అందుకే మూడు వంతులు వాళ్ళకే ఉంచమంటున్నాను.

మరి ఆ 58 ఏళ్ళ పెద్దమనిషికి ఏం చెప్పాలి? మా వాడిని ఒక ప్రశ్న అడిగాను: ఆయన కోరిన చోటుకు ఆయన దగ్గరున్న పాయింట్ల కంటే ఎన్ని ఎక్కువ కావాలి? అయిదు. అయిదేళ్ళ క్రితం ఎన్ని తక్కువయ్యాయి? అప్పుడూ అయిదే. కదిలే రైలు వెనుక అదే వేగంతో పరుగెత్తుతున్నాడన్నమాట. ఇంకో పదేళ్ళు పరుగెత్తినా రైలు అంతే దూరంలో ఉంటుంది. చూడవలసినది మన పాయింట్లు ఎన్ని అని కాదు, హద్దు ఏటా ఎంత పెరుగుతున్నది అని. నిరుటి హద్దులు ఆ రాష్ట్రాలే పట్టికలుగా ప్రకటిస్తాయి. హద్దు పెరగకుండా నిలిచిన చోటుకో, పెరిగినా మెల్లగా పెరుగుతున్న చోటుకో ఆ పద్నాలుగు పాయింట్లను వెంటనే ఖర్చు పెట్టమన్నాను. దాచి ఉంచితే వాటి విలువ ఏటేటా కరిగిపోతుంది.

రెండవది, ఒకే రాష్ట్రాన్ని నమ్ముకోవద్దని. నూటికి అయిదు అవకాశం ఉన్న లాటరీలు మూడు రాష్ట్రాల్లో పదేళ్ళు వేస్తే, అంటే ముప్ఫై సార్లు, ఒక్కసారైనా వచ్చే సంభావ్యత సుమారు 0.79. ఒకే రాష్ట్రంలో పదేళ్ళయితే 0.40 మాత్రమే. డబ్బు ఎక్కువవుతుంది, నిజమే. కొలరాడోలో పైవాడి లైసెన్సే ఏడు వందల డాలర్లకు పైన ఉంది. మోకాళ్ళ లెక్క, జేబు లెక్క ఆయనే చూసుకోవాలి.

మా వాడు ఈ లెక్కలు ఆయనకు చూపించాడట. ఆయన చాలాసేపు కాగితం వంక చూసి, పద్నాలుగేళ్ళు కలలు కన్న చోటు పేరు కొట్టేసి, అంత పేరు లేని మరో కొండ పేరు రాశాడట. న్యూ మెక్సికో లాటరీకి కూడా దరఖాస్తు పంపాడు. ఆయనకు పదమూడేళ్ళ కూతురుంది. తను ఇప్పుడు ఎక్కడ చేరాలని ఆ అమ్మాయి అడుగుతున్నదట. ఆ ప్రశ్నను మా పదవ తరగతికి ఇచ్చాను. సగం మంది లాటరీ రాష్ట్రాలన్నారు, కొందరు వయోమింగ్ అన్నారు, వెనుక బెంచీలో ఒకడు మాత్రం, మంద పెరుగుతున్న చోటు ఏదో ముందు కనుక్కోవాలన్నాడు. వాళ్ళ కాగితాలు ఫోటో తీసి పంపించాను. ఇంకా జవాబు రాలేదు.