చిన్న పరికరము, గొప్ప పాఠము

తుపాను తీరము దాటు తావును వాతావరణ శాస్త్రజ్ఞులు దినదినము సవరించి చెప్పుట చూచి, ‘వీరి లెక్కలు నమ్మరాదు’ అని పరిహసించువారు మనలో పెక్కుమంది కలరు. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూచిన విజయనగర, శ్రీకాకుళ ప్రాంతములకు ఈ పరిహాసము క్షేమకరము కాదు. దీనికి తగిన మందు నెల్లిమర్ల వంటి ఊరి పాఠశాలలోనే సిద్ధము చేయవచ్చునని మా నమ్మకము.

నియమము తెలిసినచో ఫలమును ఎంత ముందుగనైనను చెప్పవచ్చునని విద్యార్థులు తలంతురు. లోలకము విషయమున అది నిజమే. కాని 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ గారు వాయుచలనమును మూడు సమీకరణములకు కుదించి, ఆరంభమున వెంట్రుకవాసి భేదమున్నను కొంతకాలమునకు ఫలములు పూర్తిగ వేరగునని చూపిరి. ఈ గుణమునకే కేయాస్ అని పేరు. 1983లో లియాన్ చువా గారు టోక్యో నగరపు వాసెదా విశ్వవిద్యాలయమున నుండగా దీనిని కనబరచు విద్యుద్వలయమును కల్పించిరి. 1994లో మన పొరుగున తిరుచిరాపల్లిలోని భారతిదాసన్ విశ్వవిద్యాలయపు లక్ష్మణన్ గారును, మురళి గారును చువా గారితో కలిసి మరింత సరళమైన వలయమును ప్రకటించిరి.

చువా వలయమునకు వలయునవి స్వల్పము: 0.01, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, 18 మిల్లీహెన్రీల తీగచుట్ట, 2,000 ఓముల త్రిప్పుడు నిరోధము, రెండు ఆపరేషనల్ ఆంప్లిఫయర్లకు ఆరు నిరోధములను చేర్చి కూర్చిన ‘చువా డయోడు’, 9 వోల్టుల బ్యాటరీలు రెండు. దీనిని ధ్వనివర్ధకమునకు తగిలించి నిరోధమును మెల్లగ తగ్గించినచో, తొలుత నిశ్శబ్దము. పిదప ఈలవంటి స్వరము. ఆపై దానికి ఒక స్థాయి క్రింది స్వరము తోడగును. తుదకు జలపాతపు హోరువంటి సద్దు. తీగ యేదియు ఊడలేదు, నియమము మారలేదు. అయినను ఆ సద్దు ఒకమారు నడచిన త్రోవను మరల నడువదు.

ఇది పరీక్షలకు రాదని కొందరు అనవచ్చును. తుపానును పరీక్షల పట్టికలో ఉండదు, అయినను వచ్చును. ఆ మరను స్వయముగ త్రిప్పి వినిన బాలుడు రెండు సంగతులు గ్రహించును: దూరపు జోస్యము చెప్పలేనంత మాత్రమున శాస్త్రము బూటకము కాదు, దినదినము సవరించిన హెచ్చరిక అబద్ధము కాదు, క్రొత్త కొలతలతో సరిదిద్దబడిన నిజము.

కావున ఉపాధ్యాయులు వచ్చు విజ్ఞానప్రదర్శనమున ఈ వలయమునకు ఒక బల్ల కేటాయింతురు గాక. దానిని విద్యార్థులే అతుకవలెను, తలిదండ్రులు వచ్చి వినవలెను. శాస్త్రజ్ఞుల మాటయందలి సందేహమును అజ్ఞానమని యెంచని ఊరే హెచ్చరిక వినినంతనే ఇల్లు విడిచి సురక్షితస్థానము చేరగలదు.