బొమ్మ కింద పేరు

ఓ చిన్న పరీక్ష పెడతాను, సరదాగా. మీ అభిమాన హీరో చిత్రాల పేర్లు చెప్పమంటే అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తారు. దర్శకుడెవరో, పాటలెవరు రాశారో, మీ ఊళ్ళో ఏ హాల్లో ఎన్ని వారాలాడిందో కూడా చెబుతారు. బావుంది. మరి ఆ హాలు వేపు మిమ్మల్ని మొట్టమొదట లాక్కెళ్ళిన పోస్టరు డిజైన్ చేసిందెవరు? అందులో హీరోగారు కళ్ళెర్రజేసి చూస్తున్న ఆ స్టిల్ తీసిందెవరు?

తల గోక్కుంటున్నారు కదూ! గోక్కునేది మీరొక్కరే కాదు లెండి.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు పుట్టిందంటే, ఈమధ్య నాకొచ్చే ఉత్తరాల వరస మారింది. (ఉత్తరాలంటే ఫోన్లో వచ్చే మెసేజీలే అనుకోండి. నోటికి పాత మాటే వస్తుంది.) వెనక "హీరో వేషం ఎలా దొరుకుతుంది?" అని రాసేవాళ్ళు. ఇప్పుడు "బొమ్మలేస్తాను, డిజైన్లు చేస్తాను, ఫోటోలు తీస్తాను, కానీ నేనున్నట్టు చిత్రసీమకి తెలీదు" అని రాస్తున్నారు. ఒక తమ్ముడైతే అసలు బాధ బయటపెట్టేశాడు: "నా గురించి నేనే చెప్పుకుంటే గొప్పలు పోతున్నాడంటారు. చెప్పుకోకపోతే ఎవరికీ తెలీదు. ఏం చెయ్యమంటారు సార్?"

అడగందే అమ్మైనా పెట్టదు తమ్ముడూ. కానీ అడగడంలో బోలెడు రకాలున్నాయి.

బాపుగారిని చూడండి. సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటే ఎంతమందికి తెలుస్తుంది? లా చదివి, ప్లీడరు కోటు పక్కన పెట్టి, 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరిన మనిషి. సభల్లో మైకు కనిపిస్తే మొహమాటపడిపోయేవారు. మాట్లాడే పని ఎక్కువగా ముళ్ళపూడి రమణగారికే వదిలేసేవారు. మరి ఇంత పేరు ఎలా వచ్చింది? ప్రతి బొమ్మ మూలనా రెండే రెండక్షరాలు. కథకి బొమ్మ వేసినా, పుస్తకానికి అట్ట వేసినా, కార్టూన్ గీసినా అవే రెండక్షరాలు, ఒకే వాటంలో. కొన్నాళ్ళకి సంతకం చూడకుండానే ఆ గీత ఎవరిదో జనం పోల్చుకున్నారు. చివరికి ఆయన చేతిరాతే కంప్యూటర్‌లో అక్షరాల అచ్చు అయి కూర్చుంది. ఇవాళ పెళ్ళి శుభలేఖల మీద ఆ వంకర టింకర అందాలు చూస్తూనే ఉన్నారుగా! తన నోటితో ఒక్క గొప్పా చెప్పుకోకుండా ఊరందరికీ తెలిసిపోవడమంటే అదీ.

అయితే మీరు వెంటనే "ఆయన బాపు, మేం బాపులమా?" అంటారు. సరే, పాలకొల్లు నుంచి బయల్దేరిన ఇంకో కుర్రాడి సంగతి చెబుతాను. బొమ్మల పిచ్చి తప్ప వేరే పెట్టుబడి లేకుండా మదరాసు వెళ్ళాడు. పబ్లిసిటీ డిజైనర్ కేత గారి దగ్గర పని నేర్చుకున్నాడు. 1967లో బాపుగారు తమ మొదటి చిత్రం 'సాక్షి' తీసినప్పుడు పబ్లిసిటీ పని ఆ కుర్రాడి చేతిలో పెట్టారు. ఆయనే ఈశ్వర్. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో రెండువేల పైచిలుకు చిత్రాలు చేశారాయన. 'సాక్షి'కి బాపుగారు తల్చుకుంటే పోస్టర్లు తనే వేసుకోగలరు కదా! అంతటి చిత్రకారుడు తన సినిమాకి మరొకరి చేత వేయించుకున్నాడంటే అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు? పదివేలమంది చప్పట్లు కొట్టడం వేరు, పని తెలిసిన ఒక్కడు "బావుంది" అనడం వేరు. ఈశ్వర్‌గారు 2021లో కన్నుమూశారు. అంతకుముందే 'సినిమా పోస్టర్' అని ఒక పుస్తకం రాసి వెళ్ళారు, ఆ పని ఎలా జరిగేదో మనకి తెలిసేలా. లైబ్రరీలో కనిపిస్తే వదలకండి.

ఇహ స్టిల్ ఫోటోగ్రాఫర్ల సంగతికొస్తే కలకత్తా దాకా వెళ్ళాలి. అక్కడ నెమాయ్ ఘోష్ అని నాటకాల్లో వేషాలేసే ఒకాయన ఉండేవాడు. కెమెరా పట్టిన చెయ్యి కాదు. ఎవరో టాక్సీలో మర్చిపోయిన కెమెరా ఒకటి ఆయన స్నేహితుడికి దొరికితే, పాత బాకీ కింద దాన్ని ఈయన తీసుకున్నాడు. (నిజంగా జరిగిందే. సినిమాలో పెడితే మీరే నమ్మరు!) సరిగ్గా అప్పుడే బీర్‌భూమ్ జిల్లాలో సత్యజిత్ రాయ్ 'గూపీ గాయెన్ బాఘా బాయెన్' తీస్తున్నారు. ఈయన కెమెరా పుచ్చుకుని అక్కడికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే, రాయ్‌గారు పనిచేస్తుంటే ఫోటోలు తీశాడు. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తా వాటిని రాయ్‌గారికి చూపించాడు. అంతే. ఆ చిత్రం 1969లో విడుదలైంది. 1992లో రాయ్ పోయేవరకూ నెమాయ్ ఘోష్ ఆయన పక్కనే ఉండి కొన్ని వేల ఫోటోలు తీశాడు. ఇవాళ సత్యజిత్ రాయ్ అనగానే మీ కళ్ళముందు కదిలే రూపంలో సగం ఈయన కెమెరాలోంచి వచ్చిందే. 2010లో పద్మశ్రీ కూడా వచ్చింది.

ఇందులో ఆయన చేసిన ప్రచారం ఏమిటి? "సార్, ఒక్క ఛాన్సివ్వండి" అని గేటు దగ్గర నిలబడలేదు. ముందు పని చేశాడు. దాన్ని చూడాల్సిన మనిషికి చూపించాడు. మధ్యలో ఆ చూపించే మనిషిని సంపాదించుకున్నాడు. మన కుర్రాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే నాకు కనిపిస్తుంది. పోస్టరు తయారుచేసి నేరుగా హీరోగారి పేరుకి తగిలించి వదులుతారు. హీరోగారికి రోజుకి అలాంటివి ఎన్నొస్తాయి? వాటిని చూసే తీరిక ఆయనకెక్కడిది? అదే ఒక సహాయ దర్శకుడికో, పబ్లిసిటీ డిజైన్ ఆఫీసులో పనిచేసే అన్నయ్యకో, కొత్తగా చిన్న సినిమా మొదలెడుతున్న బృందానికో పంపితే, వాళ్ళకి రేపొద్దున పనిమనిషి అవసరం. అవసరం ఉన్నవాడి కంటబడ్డమే ప్రచారం.

పంపేది ఎలా ఉండాలంటారా? నాకు ఫోన్లో బొమ్మలు చూపించేవాళ్ళు వేలితో తోస్తూనే ఉంటారు, తోస్తూనే ఉంటారు... ఎనభై బొమ్మలు! ఆఖరికి నాకు గుర్తుండేది వాళ్ళ బొటనవేలు మాత్రమే. పది చాలు. ఆ పదిలో సినిమా పేరు మీ చేత్తో రాసిన అక్షరాలు ఉండాలి, ఎందుకంటే మొహాలు అతికించేవాళ్ళు వీధికి నలుగురున్నారు, తెలుగు అక్షరాన్ని అందంగా తిప్పేవాళ్ళు తక్కువ. ఒకే సినిమాకి మూడు రకాల పోస్టర్లు చేసి పెట్టండి. నిర్మాతకి "ఇది కాదు, ఇంకోటి" అనే అలవాటుంది, మీ దగ్గర ఇంకోటి ఉందని తెలియాలి. ఫోటోగ్రాఫరైతే లైట్లన్నీ అమర్చి తీసినవాటితో పాటు, పరుగెడుతుండగా, చీకట్లో, వానలో తీసినవి చూపించండి. షూటింగ్‌లో మీకోసం ఎవరూ ఆగరు. మీ ఊరి నాటక సమాజం రిహార్సల్స్‌కి వెళ్ళి తియ్యండి. అంతకన్నా మంచి బడి లేదు.

అన్నట్టు హుసేన్‌గారిని మర్చిపోతే పాపం. తన డప్పు తాను కొట్టుకోవడంలో ఎమ్మెఫ్ హుసేన్‌ని మించినవాడు లేడంటారు, నిజమే. చెప్పుల్లేకుండా తిరగడం, పొడుగాటి కుంచె చేత్తో పట్టుకోవడం, 'హమ్ ఆప్‌కే హై కౌన్' అరవయ్యేడుసార్లు చూశానని చెప్పుకోవడం, మాధురీ దీక్షిత్‌తో 2000లో 'గజగామిని' తియ్యడం... ఆయన ఏం చేసినా మర్నాడు పేపర్లో ఉండేది. మన హైదరాబాద్‌లోనే 'సినిమా ఘర్' అని ఒక మ్యూజియం కూడా కట్టారు. ఇదంతా చూసి "అయితే నేనూ చెప్పులు విప్పేస్తాను" అనకండి! కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆయన బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసి పొట్టపోసుకున్నాడు. నిచ్చెనలెక్కి, అంతెత్తు మొహాలకి రంగులు పూసి, చెయ్యి తిరిగాక వచ్చాయి ఈ వేషాలన్నీ. చెప్పుల్లేని కాళ్ళు చూసి జనం దగ్గరికొచ్చారు, నిజమే. బొమ్మ బాగోకపోతే ఆ జనమే నవ్వి వెళ్ళిపోయేవారు.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయానికొస్తున్నాను. "బాబూ, బడ్జెట్ లేదు. కానీ చేసిపెట్టు, నీకు బోలెడు పేరొస్తుంది." ఈ మాట వినని డిజైనర్ కుర్రాడు ఉంటే నాకు చూపించండి. నాకు తెలిసిన ఒకబ్బాయి ఒక చిన్న సినిమాకి నెల్లాళ్ళు రాత్రింబవళ్ళు కూర్చుని టైటిల్ అక్షరాల దగ్గర్నుంచి పోస్టర్ల దాకా అన్నీ చేసిపెట్టాడు, రూపాయి లేకుండా. విడుదలనాడు స్నేహితుల్ని వెంటేసుకుని హాలుకెళ్ళాడు. టైటిల్స్‌లో టీ ఇచ్చినాయనకి కృతజ్ఞతలున్నాయి, అది మంచిదే. వీడి పేరు లేదు! పేరొస్తుందని చేయించుకుని ఆ పేరే వెయ్యకపోతే ఇంక మిగిలిందేమిటి? డబ్బు లేకపోతే కనీసం పేరు. అదీ మాటగా కాదు, కాగితం మీద. ఫోన్లో "టైటిల్స్‌లోనూ, ప్రతి పోస్టరు మీదా నా పేరు వేస్తారు కదండీ" అని మెసేజి పెట్టి, "ఔను" అనిపించుకోండి, అదైనా రుజువే. ఇది పొగరు కాదు. తాపీమేస్త్రీ కూడా కూలి మాట్లాడుకోకుండా తాపీ తియ్యడు.

చట్టం కూడా కాస్త తెలిసుండాలి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి ప్రత్యేకంగా ఫోటో తీయించుకున్నా, పెయింటింగ్ వేయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే దాని హక్కు చేయించుకున్నవాళ్ళదే. అంచేత డబ్బు తీసుకుని షూటింగ్‌లో తీసిన స్టిల్‌ని "నేను తీసిందే కదా" అని ఎక్కడ పడితే అక్కడ పెట్టేముందు నిర్మాతని అడగండి. సినిమా విడుదలయ్యాక నా ఆల్బమ్‌లో పెట్టుకుంటానని ముందే ఒప్పందంలో రాయించుకుంటే పేచీయే లేదు. కానీ అదే చట్టంలో 57వ సెక్షన్ ఇంకో మాట చెబుతోంది: హక్కులు అమ్మేసినా సరే, "ఇది చేసింది నేను" అని చెప్పుకునే హక్కు చేసినవాడి దగ్గరే ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి.

ఇందులో మీకూ ఒక చురక ఉంది, ఏమీ అనుకోకండి. అభిమానంతో పోస్టర్లు చేసేవాళ్ళు ఎవరో తీసిన స్టిల్ తెచ్చి, మూలనున్న పేరు కత్తిరించి, తమ పేరు పెద్దక్షరాల్లో వేస్తున్నారు. రేపు మీ పేరు కత్తిరించేవాడి మీద కోపం రావాలంటే ఇవాళ మీ కత్తెర పక్కన పెట్టాలి మరి! "ఫోటో: ఫలానా, డిజైన్: నేను" అని రాస్తే మీ పరువేం పోదు. పైపెచ్చు ఆ ఫోటోగ్రాఫరు చూస్తాడు, సంతోషిస్తాడు, మీ పోస్టరు నలుగురికీ పంపుతాడు. చెప్పానుగా, చూపించే మనిషి కావాలని.

చివరగా ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న. వాళ్ళన్నయ్యకి ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళలో సగం ఫోటోలు ఈ అమ్మాయే తీస్తుంది. ఆల్బమ్ మీద మాత్రం అన్నయ్య పేరే. "ఇంట్లో వాళ్ళ దగ్గర కూడా పేరు అడగాలా అండీ?" అంటోంది.

హోమాయ్ వ్యారావాలా అని ఒకావిడ ఉండేవారమ్మా. 1913లో పుట్టారు. మన దేశంలో మొట్టమొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్. నెహ్రూగారి రోజుల నాటి ఢిల్లీని కళ్ళకు కట్టినట్టు చూపించే ఫోటోలు ఆవిడ తీసినవే. కొత్తలో ఆవిడ తీసిన ఫోటోలు అచ్చయింది భర్తగారి పేరు మీద. ఆడవాళ్ళు కెమెరా పట్టుకుంటారని పత్రికలకి తెలియని రోజులవి. తర్వాత 'డాల్డా 13' అనే పేరుతో ఆవిడ దేశమంతా తెలిసిపోయారు. పుట్టింది 13లో, భర్త పరిచయమైంది 13వ ఏట, కారు నెంబరేమో డి.ఎల్.డి. 13. అందులోంచి పుట్టింది ఆ పేరు! 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

అంచేత అన్నయ్యని అడుగమ్మా. నీ పేరు వెయ్యి అని పోట్లాడక్కర్లేదు, వచ్చే పెళ్ళి ఆల్బమ్ చివరి పేజీలో ఇద్దరి పేర్లూ పక్కపక్కన వెయ్యమను. వెయ్యనంటే నాకు రాయి, మీ అన్నయ్యకి నేనో ఉత్తరం రాస్తాను.