లెక్కల్లో చిక్కిన క్యామ్‌డెన్

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, డెలావేర్ నది ఒడ్డున ఉన్న క్యామ్‌డెన్ జనాభా 2012లో దాదాపు 77,000. మన దగ్గరైతే ఓ మోస్తరు మునిసిపాలిటీ. ఆ ఒక్క ఏడాదే అక్కడ 67 హత్యలు జరిగాయి. లక్ష జనాభాకు ఇన్ని అని చూస్తే రేటు 87. అమెరికా జాతీయ సగటు అప్పుడు 5 లోపే. ఇదే రేటు కోటి జనాభా ఉన్న నగరంలో ఉంటే ఏటా 8,700 హత్యలు జరగాలి. పోలిక కోసం చెప్పాలంటే, 2022లో భారతదేశం మొత్తం మీద నమోదైన హత్యలు 28,522.

క్యామ్‌డెన్ ఎప్పుడూ ఇలా లేదు. 1950లో అక్కడ 1.24 లక్షల మంది ఉండేవారు. న్యూయార్క్ షిప్‌బిల్డింగ్ కంపెనీ నౌకలు తయారుచేసేది. ఆర్‌సీఏ విక్టర్ గ్రామఫోన్ రికార్డులు, రేడియోలు అక్కడి నుంచే వచ్చేవి. క్యాంప్‌బెల్ సూప్ డబ్బాలదీ అదే ఊరు. నౌకల కర్మాగారం 1967లో మూతపడింది. మిగిలిన పరిశ్రమలూ ఒకటొకటిగా తప్పుకున్నాయి. 1971లో పోలీసులు ఒక ప్యూర్టోరికన్‌ను తీవ్రంగా కొట్టడంతో అల్లర్లు చెలరేగాయి. చేతిలో నాలుగు డబ్బులున్న కుటుంబాలు శివార్లకు వెళ్లిపోయాయి. 1981-2000 మధ్య ముగ్గురు మేయర్లు నేరాభియోగాల్లో దోషులుగా తేలారు. పన్నులు కట్టేవారు లేని నగరాన్ని రాష్ట్ర ప్రభుత్వ సాయమే నెట్టుకొచ్చింది.

ఆ సాయానికి కోత పడటంతో అసలు కథ మొదలైంది. 2011 జనవరిలో నగర పోలీసు శాఖ దాదాపు సగం మంది సిబ్బందిని ఇంటికి పంపింది. అప్పటికే ఆ శాఖ పరువు మంటగలిసి ఉంది. కొందరు అధికారులు మాదకద్రవ్యాలు తామే పెట్టి జనాన్ని ఇరికించారని బయటపడటంతో దాదాపు 200 కేసులు కొట్టేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే ఆ 67 హత్యలు. 2013 మేలో నగర పోలీసు శాఖనే రద్దుచేసి, ఆ బాధ్యతను కౌంటీ పోలీసులకు అప్పగించారు. పాత అధిపతి స్కాట్ థామ్సనే కొత్త దళానికీ అధిపతి. పాత యూనియన్ ఒప్పందం రద్దయింది, తక్కువ ఖర్చుతో ఎక్కువ మందిని తీసుకున్నారు. కాలినడకన గస్తీ పెరిగింది, కెమెరాలు, తుపాకీ మోతను పసిగట్టే పరికరాలు వచ్చాయి. నగరవాసులు కొందరు ఈ రద్దును ఆపాలని కోర్టుకెక్కారు. ఎన్నికైన నగర పాలనను పక్కన పెట్టి పోలీసులను బయటివారి చేతుల్లో పెట్టడమేమిటన్నది వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే.

2014లో హత్యలు 33కు తగ్గాయి, 2015లో 32. ఆ ఏడాది మేలో అధ్యక్షుడు ఒబామా స్వయంగా వచ్చి క్యామ్‌డెన్‌ను దేశానికి ఆశాకిరణంగా చూపారు. తర్వాతి ఏడాది హత్యలు 44కు పెరిగాయి. ఆ మరుసటి ఏడాది, అంటే 2017లో, 23కు పడిపోయాయి. అంటే పన్నెండు నెలల్లో రేటు దాదాపు సగమైంది. పోలీసు విధానం మాత్రం అదే, అధిపతీ అతనే. చిన్న నగరంతో వచ్చే చిక్కు ఇదే. డెబ్బై వేల జనాభాలో ఒక్కో హత్య రేటును దాదాపు ఒకటిన్నర మేర కదిలిస్తుంది. రెండు ముఠాల మధ్య ఒక వేసవిలో మొదలైన పగ ఆ నగరాన్ని జాబితాలో పైకి ఎక్కించగలదు, అది చల్లారితే కిందికి దించగలదు. ఏడాది లెక్క చూసి మేయర్లు పొంగిపోవడం, పత్రికలు శాపనార్థాలు పెట్టడం, రెండూ తొందరపాటే.

ఆ జాబితాల సంగతీ చెప్పాలి. మోర్గాన్ క్విట్నో అనే ప్రచురణ సంస్థ 2004, 2005ల్లో వెలువరించిన జాబితాల్లో అమెరికాలో అత్యంత ప్రమాదకర నగరం క్యామ్‌డెనే. నగరాలను ఇలా వరుస కట్టవద్దని ఎఫ్‌బీఐ ఎన్నాళ్లుగానో హెచ్చరిస్తోంది. నేరశాస్త్రవేత్తల అమెరికన్ సంఘం 2007లో వీటిని ఖండించింది కూడా. ఫలితం సున్నా. ఆ ముద్ర పడిన ఊళ్లో దుకాణం తెరిచేదెవరు? పిల్లల్ని అమెరికా పంపే తెలుగు తల్లిదండ్రులు కూడా ఇప్పుడు ఊరి పేరుతో పాటు నేరాల రేటూ వెతుకుతున్నారు. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి క్యామ్‌డెన్‌లోనూ ఒక ప్రాంగణం ఉంది. నగరం మొత్తానికి కట్టిన సగటు చూసి ఆ ప్రాంగణం భద్రత గురించి తేల్చుకోవడం కష్టం. తుపాకీ హింస ఏ నగరంలోనైనా కొన్ని వీధుల్లోనే, కొన్ని వందల మంది చుట్టూనే తిరుగుతుంది.

హత్య ఒక్కటే దాదాపుగా దాచలేని నేరం. దొంగతనం, దాడి వంటివి ఫిర్యాదు చేసేవారి మీద, రాసుకునేవారి మీద ఆధారపడతాయి. మన ఎన్‌సీఆర్‌బీ కూడా నేరాలు పెరగడం, కేసుల నమోదు పెరగడం వేర్వేరని ఏటా చెబుతుంది. కేరళ అంకెలు ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం. కొత్త పోలీసులు వచ్చిన తొలి రోజుల్లో క్యామ్‌డెన్‌లో సైకిల్‌కు గంట లేదని, లైటు లేదని, కారు అద్దాలు నల్లగా ఉన్నాయని చలానాలు కుప్పలుగా రాశారు. పోలీసులు బలప్రయోగానికి పాల్పడుతున్నారన్న ఫిర్యాదులూ పెరిగాయి. థామ్సన్ ఆ పద్ధతి మార్చుకున్నారు. కాల్పులు ఆఖరి మార్గం కావాలని, తోటి పోలీసు మితిమీరితే ఆపడం విధి అని చెప్పే నిబంధనలు 2019లో వచ్చాయి. బలప్రయోగంపై ఫిర్యాదులు బాగా తగ్గాయి. హత్యల తగ్గుదల కంటే గట్టి విజయం ఇదే కావచ్చు. ఎందుకంటే ఇది పూర్తిగా పోలీసుల చేతుల్లో ఉన్న విషయం.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత క్యామ్‌డెన్ పేరు మళ్లీ మోగింది. పోలీసు శాఖలకు నిధులు ఆపాలన్నవారు 'చూడండి, రద్దుచేస్తే ఏమైందో' అన్నారు. నిజానికి అక్కడ రద్దయింది ఒక శాఖ, ఆ స్థానంలో వచ్చింది ఇంకా పెద్ద దళం. మరింత మంది పోలీసులు కావాలన్నవారూ అదే ఊరిని ఉదహరించారు. ఆ ఏళ్లలోనే రాష్ట్రం పన్ను రాయితీలు గుమ్మరించి సుబారు వంటి కంపెనీలను రప్పించింది, పాఠశాలలనూ తన చేతిలోకి తీసుకుంది. ఈ మాటను ఇరుపక్షాలూ వదిలేశాయి. ఇందులో దేనివల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పగలవారు లేరు.

2024లో క్యామ్‌డెన్‌లో 17 హత్యలు జరిగాయి. నాలుగు దశాబ్దాల్లో ఇంత తక్కువ లేదు. ఆ 17 కూడా లక్ష జనాభాకు దాదాపు 24. అంటే అమెరికా సగటుకు ఇంకా దాదాపు ఐదు రెట్లు.